గరగరలాడిన గోదాం

ఆ ఉదయం గంగాప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీకి వెళ్లాలి, కొత్తగా వచ్చిన జపాన్ మేనేజరును మెప్పించాలి, సాయంత్రం తొందరగా ఇంటికొచ్చి భార్య సుభాషిణిని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాలి. ఇందులో సముద్రం ఒక్కటే తన చోట తాను కదలకుండా ఉంది. మిగతావన్నీ మధ్యాహ్నానికల్లా తలకిందులయ్యాయి.

గంగాప్రసాద్ దుబాయ్‌లో, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక జపాన్ కంపెనీ గోదాంకు సూపర్‌వైజరు. ఫ్లాస్కులు, టిఫిన్ డబ్బాలు, రైస్ కుక్కర్లు ఓడల్లో వచ్చి అక్కడ దిగుతాయి, లారీలెక్కి దుకాణాలకు పోతాయి. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన కొత్తలో అతను ఆ డబ్బాలు మోసేవాడు. ఇప్పుడు మోసేవాళ్లకు వాకీటాకీలో చెప్పే స్థాయికి ఎదిగాడు. పెళ్లయ్యాక చాలా ఏళ్లు భార్య ఊళ్లోనూ, భర్త లేబర్ క్యాంపులోనూ కాపురం చేశారు. కరోనా తగ్గాక ఎట్టకేలకు సుభాషిణి వచ్చింది. డిస్కవరీ గార్డెన్స్‌లో ఎవరిదో ఫ్లాటులో ఒక గది తీసుకున్నారు. దగ్గర్లోని నర్సరీ స్కూల్లో ఆమెకు ఆయమ్మ పని దొరికింది. ఆ గదిలో మంచం ఉంటే బీరువా తలుపు తెరుచుకోదు, బీరువా తెరవాలంటే ఒకరు మంచమెక్కాలి. అయినా ఇద్దరికీ ఆ గదిలో హాయిగానే ఉంది.

ఆ హాయికే ఇప్పుడు ముప్పొచ్చింది. జెబెల్ అలీ గోదాం మూసేసి, సరుకంతా షార్జా అవతల సజ్జాకు తరలిస్తారని పుకారు పుట్టింది. అక్కడి నుంచి రోజూ ఇంటికి రావాలంటే బతుకంతా ట్రాఫిక్‌లోనే తెల్లవారుతుంది. అంటే మళ్లీ క్యాంపు, మళ్లీ వారానికోసారి పెళ్లాం ముఖం చూడటం.

"మరి ఆ జపాన్ సారు ఏమంటుండు?" అంది సుభాషిణి, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"ఇంక ఏమనలే. నిన్న గోదాం మొత్తం తిరిగిండు. తిరిగి తిరిగి ఒక్క మాట అన్నడు. కిచికిచి."

"అంటే?"

"అంటే ఏముంటది? పిట్టలు! మన ఇంటి సూరు కింద పిట్టలు కిచకిచ అనవా? గోదాంల పిట్టలు జొర్రినయని సారు గుర్తుపట్టిండు. డబ్బాల మీద రెట్టలేస్తయని ఆయన రంది."

"అడిగినవా మరి, గదేనా అని?"

"నేను అడుగుడేంది?" గంగాప్రసాద్ నొచ్చుకున్నాడు. "జంట మాటలకు దేశం ఉండదే. గలగల అంటే ఏ దేశపోడికైనా నీళ్లే. గడగడ అంటే ఎవ్వనికైనా వణుకుడే. దీనికి అడుగుడెందుకు?"

అతని నొచ్చుకోలుకు కారణం ఉంది. గోదాంలో అతనికి భాషల్లో గట్టివాడని పేరు. హిందీ, మలయాళం, అరబ్బీ బాగా మాట్లాడతాడు. పఠాన్ డ్రైవర్ల పుణ్యమా అని పష్తో కూడా తిట్ల వరకూ వచ్చు. ఏ భాషా ఎవరినీ అడిగి నేర్చుకోలేదు, అన్నీ చెవితోనే పట్టాడు. ఆ చెవి మీద అతనికి అపారమైన నమ్మకం.

కొత్త మేనేజరు ఇనాగాకి పొడుగ్గా, సన్నగా, మాటల పొదుపుతో ఉంటాడు. ఇంగ్లీషు పనికి సరిపడా వచ్చు. కానీ మనసు కదిలిందంటే చాలు, ఇంగ్లీషు ఎండిపోయి, ఆయన నోట్లోంచి ఇలాంటి జపాన్ జంట మాటలు వాటంతట అవే రాలుతుంటాయి. ఆ భాషలో కిచికిచి అంటే సూది దూరే సందు లేకుండా బిగుసుకుని ఉండటం. గోదాంలో చోటు చాలడం లేదని ఆయన బాధపడ్డాడు, అంతే. ఈ సంగతి గంగాప్రసాద్‌కు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

గోదాంకు చేరగానే అతను తన సైన్యాన్ని పిలిచాడు. పనివాళ్లు చాలామందే ఉన్నా సైన్యం అనదగ్గవాళ్లు ఇద్దరు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అయూబ్‌ది హైదరాబాదు పాతబస్తీ. ర్యాకులెక్కి సరుకు సర్దే పెద్దిరాజుది అమలాపురం వైపు.

"సారుకు పిట్టల సప్పుడు ఇనబడ్డది. ఆయన వచ్చేటాలకు పట్టి బయట ఇడవాలె" అన్నాడు గంగాప్రసాద్.

"ఏ పిట్టలండీ బాబూ?" పెద్దిరాజు తల పైకెత్తి చూశాడు. "రోజంతా ఆ పైనే ఏలాడతా ఉంటాను గదా, ఒక్క ఈకన్నా కనబళ్లేదు."

"నీకు కనబడకపోతే లేనట్టా? జపానోళ్ల చెవులు వేరే ఉంటయి."

"గంగా భాయ్, ఒక్కసారి సాబ్‌నే పూఛ్‌లే అంటే..." అయూబ్ నసిగాడు.

"వద్దు. అడిగితే మనకు ఎర్క లేదని సారుకు ఎర్కైతది."

పెద్దిరాజు నిచ్చెన వేసుకుని పై ర్యాకు మీదికి పాకాడు. డబ్బాలకూ కప్పుకూ మధ్య పిల్లి కూడా ఆలోచించి దూరాల్సిన సందులో తల, భుజాలు పట్టాయి. మిగతా భాగం పట్టే ప్రయత్నంలో ఒక బోల్టు తగిలి ప్యాంటు నడుము నుంచి మోకాలి దాకా చిరిగింది. ఎండ్రకాయలా వెనక్కి పాకి దిగాడు. వేరే ప్యాంటు లేదు. లాకరులో లుంగీ ఉంది. లుంగీతో నిచ్చెన ఎక్కితే కాళ్లకు అడ్డం పడుతోంది. కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి బిగించి దోపుకున్నాడు. ఇప్పుడు సదుపాయంగా ఉంది.

"పిట్టలు లేవండి, లేవు" అన్నాడు పైనుంచి.

"దాక్కున్నయి. ఎర పెడితే అవే ఎల్తయి" అన్నాడు గంగాప్రసాద్. సుభాషిణి కట్టిన అన్నంలోంచి ఒక గుప్పెడు తీసి, సరుకు దింపే పెద్ద తలుపు దగ్గర చల్లాడు.

అప్పటిదాకా గోరింకలు యార్డులో టీ కొట్టు దగ్గర రొట్టె తునకల కోసం పోట్లాడుకుంటున్నాయి. తెల్లటి అన్నం చూసి, శుభలేఖ అందిన చుట్టాల్లా అన్నీ కలిసి లోపలికొచ్చాయి. తిన్నవి తిన్నట్టే ఎగిరి ర్యాకుల మీద కూర్చున్నాయి.

"చూసినవా! పిట్టలు లేవన్నవు!" గంగాప్రసాద్ కళ్లు మెరిశాయి.

"ఇయ్యి ఇప్పుడొచ్చినయ్యండీ! మీ కళ్ల ముందే గదండీ వచ్చాయి!"

"ఇప్పుడొస్తే నిన్న సారుకు ఎట్ల ఇనబడ్డయి?"

పెద్దిరాజు చీపురు అందుకున్నాడు. అతను ఈ ర్యాకు మీద చీపురు విసిరితే గోరింకలు ఆ ర్యాకు మీదికి, ఆ ర్యాకు మీద విసిరితే ఈ ర్యాకు మీదికి మారాయి. మూడోసారి చీపురు గోరింకలకు కాకుండా టిఫిన్ డబ్బాల వరసకు తగిలింది. ఆ వరస ఫ్లాస్కుల వరసను తోసింది. అట్టపెట్టెలు పగిలి ఫ్లాస్కులు నేల మీద దొర్లసాగాయి. వాటి మీదికి పోనివ్వకూడదని అయూబ్ ఫోర్క్‌లిఫ్టును గిర్రున తిప్పాడు. దాని మీదున్న, కుక్కర్లు పేర్చిన చెక్క ప్యాలెట్ దారికి అడ్డంగా పడింది. పని పూర్తయిందన్నట్టు గోరింకలు వచ్చిన దారినే వెళ్లిపోయాయి.

సరిగ్గా అప్పుడు ఇనాగాకి లోపలికొచ్చాడు. గుమ్మంలో ఆగి, దొర్లుతున్న ఫ్లాస్కులను, అడ్డంపడ్డ ప్యాలెట్‌ను, వాటి మధ్య చీపురుతో నిలబడ్డ పెద్దిరాజును చూశాడు. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"గొచగొచ!" అన్నాడు. మళ్లీ చుట్టూ చూసి, తనలో తాను, "గొచగొచ..." అన్నాడు.

చిందరవందర అని దాని అర్థం. గంగాప్రసాద్ చూపు మాత్రం సూటిగా పెద్దిరాజు నడుము మీదికి పోయింది.

ఇనాగాకి ముఖంలో కోపం లేదు. పైగా ఏదో ఉత్సాహం ఉంది. గంగాప్రసాద్ దగ్గరకొచ్చి, భుజం మీద చెయ్యివేసి, ఇంగ్లీషు కూడదీసుకుని, భోజనాల తర్వాత డైరెక్టరు వస్తున్నారని చెప్పాడు. చివరగా చేత్తో గోదామంతా చూపిస్తూ, "షో సేమ్. ఓకే? షో సేమ్" అని గబగబా ఆఫీసులోకి వెళ్లిపోయాడు. ఉన్నది ఉన్నట్టు చూపించండి అని ఆయన ఉద్దేశం. గంగాప్రసాద్ చెవికి అది "సో షేమ్" అని చేరింది.

"సిగ్గుచేటు అంటుండు" అన్నాడు నీరసంగా. "భుజం మీద చెయ్యేసి మరీ అన్నడు. మర్యాదస్తుడు గాబట్టి తిట్టలే. నీ గోచి చూసి రెండుసార్లు గోచి గోచి అన్నడు."

"నా గోచీ గురించేనంటారా?" పెద్దిరాజు కంగారుగా వెనక్కి తడుముకున్నాడు.

"ఈడ ఇంకెవడన్న పెట్టుకున్నడా?"

అయూబ్ తన రెండో యూనిఫాం ప్యాంటు ఇచ్చాడు. అయూబ్ పొట్టివాడు. అది పెద్దిరాజుకు పిక్కల దగ్గరే ఆగింది. గోచీ కన్నా నయమని అందరూ ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది గోదాం. జపాన్ వాళ్లకు శుభ్రతంటే ప్రాణం అని గంగాప్రసాద్ ఎక్కడో విన్నాడు. వచ్చే డైరెక్టరు గోదాం ఉంచాలా మూయాలా తేల్చడానికే వస్తున్నారని అతనికి అర్థమైంది. ఆరోజు మొత్తంలో అతను సరిగ్గా అర్థం చేసుకున్నది అదొక్కటే. ఈ చెత్త చూస్తే సజ్జా ఖాయం. పడిన సరుకు సర్దటానికి చోటేది? ర్యాకులు ముందే నిండి ఉన్నాయి, నడవల్లో కూడా ప్యాలెట్లే. అప్పుడతని కన్ను యార్డు మీద పడింది. సరుకు దించేశాక పోర్టుకు తిరిగి పోవాల్సిన ఖాళీ కంటైనర్లు ట్రైలర్ల మీద నోరు తెరుచుకుని ఉన్నాయి.

"అయూబ్ భాయ్, యల్లా! నడవల్లది, కింది ర్యాకులది అంతా అండ్ల పెట్టు. మేడమో సారో చూసిపోయినంక మళ్ల తెచ్చుకుందం."

"సగం గోదాం ఖాళీ ఐపోతది భాయ్."

"ఐతే ఎంత అందంగుంటది!"

భోజనాలు మానుకుని అందరూ పనిలో పడ్డారు. ఫోర్క్‌లిఫ్ట్ లోపలికీ బయటికీ ఊపిరి తీసినట్టు తిరిగింది. కంటైనర్లు నిండాయి, తలుపులు మూశారు. నేల ఊడ్చి, ఫినాయిల్‌తో తుడిచారు. అంతా అయ్యాక గంగాప్రసాద్ నడవలో నడిచాడు. తన అడుగుల చప్పుడు తనకే తిరిగి వినిపించింది. అంత విశాలం అతను దుబాయ్‌లో ఎన్నడూ అనుభవించలేదు. సుభాషిణికి వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"ఇగో, సజ్జా ముచ్చట మర్చిపో. ఈ గోదాం జూస్తే డైరెక్టరు గూడ ఈడనే ఉంటనంటడు."

డైరెక్టరు ఆడమనిషి. పేరు సుగానుమా. చిన్న మనిషి, వెండి జుట్టు, చూసిన దాన్ని కొలిచే కళ్లు. ఇనాగాకి ఆమె ముందు వెనక్కి నడుస్తూ, రెండు చేతులతో గాలిని నొక్కి నొక్కి చూపిస్తూ, జపానీలో ఏదో ఆవేశంగా చెబుతూ గోదాం గుమ్మం దాకా తెచ్చాడు. వారం రోజులుగా ఆయన తయారుచేసుకున్న ఉపన్యాసం అది. ఈ గోదాంలో ఊపిరి ఆడటం లేదు, పక్క షెడ్డు కూడా తీసుకోకపోతే లాభం లేదు అని దాని సారాంశం. ఉపన్యాసం ముగించి, రుజువు చూపించడానికి గుమ్మంలో ఇటు తిరిగాడు.

ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"గర... గర..." అన్నాడు.

గంగాప్రసాద్ ఛాతీ పొంగింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా గరగరలాడినట్టు ఉంది గోదాం. ఇంత చక్కటి మాట తెలుగులో మాత్రమే ఉందనుకున్నాడు, జపాన్‌లో కూడా ఉందన్నమాట!

"యెస్ సార్! గరగర!" అన్నాడు. "ఫుల్ గరగర!"

పెద్దిరాజు, అయూబ్ కూడా వంతపాడారు. "గరగర సార్! గరగర మేడమ్!"

సుగానుమా ఖాళీ నడవను అటు నుంచి ఇటు చూసింది. "గరగర" అంది ఆమె కూడా, చల్లగా. జపాన్‌లో ఆ మాట అంటే ప్రయాణికులు లేని రైలుపెట్టెలా, జనం రాని హాలులా బోసిగా ఖాళీగా ఉండటం. ఒక్క గోదాం గురించి ముగ్గురూ ఒక్క మాటే అనడం ఆరోజుకు అదే మొదటిసారి.

తర్వాత ఆమె ఇంగ్లీషులోకి మారింది. ఇంగ్లీషు స్పష్టంగా ఉంది. "చోటు చాలడం లేదని పక్క షెడ్డు అడిగారు మీరు. ఇక్కడ నేను బ్యాడ్మింటన్ ఆడుకోవచ్చు. ఇంత తక్కువ సరుకుకు వేరే గోదామే అక్కర్లేదు. మూసేసి షార్జాకు పంపండి."

ఈ వాక్యాల్లో జంట మాటలు లేవు. అందుకని గంగాప్రసాద్‌కు ఒక్కోటీ సరిగ్గా అర్థమైంది. ఇనాగాకి వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. టికెట్టు చేతిలో పెట్టుకుని వెళ్లిపోతున్న రైలును చూసే మనిషి ముఖం అది. పొద్దున భుజం మీద చెయ్యివేసింది అందుకేనన్నమాట. ఉన్నది ఉన్నట్టు చూపించమన్నాడన్నమాట. గంగాప్రసాద్ చెవి మొట్టమొదటిసారి వెనక్కి వెళ్లి ఆ రెండు ఇంగ్లీషు మాటలనూ సరిగ్గా విన్నది.

నిజం చెప్పేస్తే తన ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఇనాగాకి మాట పోతుంది, గోదాం ఎటూ పోతుంది. నోరు తెరవబోతుండగా బయట ఇంజను గుర్రుమంది.

యార్డులో పఠాన్ డ్రైవరు ఖాళీ కంటైనర్లు పోర్టుకు తోలుకుపోవడానికి వచ్చాడు. తలుపులు మూసి సిద్ధంగా ఉన్న మొదటి ట్రైలర్‌ను తగిలించుకుని గేటు వైపు కదిలిస్తున్నాడు. అందులో కంపెనీ కుక్కర్లన్నీ ఉన్నాయి.

గంగాప్రసాద్ డైరెక్టరును పక్కన పెట్టి పరుగెత్తాడు. ట్రైలర్‌కు ఎదురుగా పోయి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"వదరేగా!" అన్నాడు పష్తోలో. ఇంజను రొదలో డ్రైవరుకు వినబడలేదు. "ఖలాస్! రుకో! నిల్కూ!" అని అరబ్బీ, హిందీ, మలయాళం వరసగా వాడాడు. బంపరు దగ్గరికొచ్చింది. "ఆపురా అయ్యా!" అని తెలుగులో కేక పెట్టాడు. డ్రైవరుకు తెలుగు రాదు. అయినా బండి ఆగింది. గంగాప్రసాద్ పొట్టకూ బంపరుకూ మధ్య అరచేతి సందు మిగిలింది.

వెనక్కి తిరిగి చూస్తే సుగానుమా, ఇనాగాకి, సైన్యం అందరూ యార్డులో నిలబడి ఉన్నారు. ఇక దాచడానికేం లేదు. వెళ్లి కంటైనర్ తలుపు తీశాడు. లోపల కప్పు దాకా కుక్కర్లే. అంచున పెట్టిన ఒక డబ్బా తలుపు తీసిన పుణ్యానికి అతని పాదం మీద పడింది.

"మేడమ్, గోదాం ఖాళీ కాదు" అన్నాడు, ఒంటికాలి మీద నిలబడి, వచ్చిన ఇంగ్లీషంతా పోగేసుకుని. "ఫుల్ ఉండె. నేనే ఖాళీ చేసిన. ఇనాగాకి సార్ ఒకటి చెప్పిండు, నేను ఒకటి ఇన్న. మిస్టేక్ నాది. సార్‌ది ఏం లేదు."

ఇనాగాకి ఏదో అనబోయాడు. సుగానుమా చెయ్యెత్తి ఆపింది. కంటైనర్‌ను చూసింది, పక్క కంటైనర్లను చూసింది, పిక్కల దాకా ప్యాంటున్న పెద్దిరాజును కూడా ఒక క్షణం చూసింది.

"అంతా లోపల పెట్టండి" అంది. "నేను చూస్తాను."

సూట్‌కేసు సర్దిన వాళ్లందరికీ తెలుసు, ఒకసారి బయటికి తీసిన సామాను మళ్లీ అదే పెట్టెలో పట్టదు. ర్యాకులు నిండాయి, నడవలు నిండాయి, ఇంకా ఒక కంటైనర్ మిగిలే ఉంది. ఆ పని చూస్తూ సుగానుమా ఎక్కడా కూర్చోలేదు. ఒక్కో ర్యాకూ దగ్గరగా చూసుకుంటూ, ప్యాలెట్ల మధ్య పక్కకు తిరిగి నడుస్తూ లోలోపలికి వెళ్లింది. ఆమె అంత చిన్న మనిషి కావడం వల్ల వెళ్లిన సంగతి అయూబ్ గమనించలేదు. చివరి కుక్కర్ల ప్యాలెట్ తెచ్చి, నడవ మొదట్లో, మిగిలిన ఒక్క సందులో నేర్పుగా దించాడు.

కాసేపటికి కుక్కర్ల వెనక నుంచి సన్నని గొంతు వినిపించింది.

"గ్యూ... గ్యూ..."

అందరూ గంగాప్రసాద్ వైపు చూశారు. అతను ఇనాగాకి వైపు చూశాడు.

"నలిగిపోతున్నారు" అన్నాడు ఇనాగాకి ఇంగ్లీషులో, పాలిపోయి. "డైరెక్టరు లోపల ఇరుక్కుపోయారు!"

"యా అల్లా!" అని అయూబ్ ఫోర్క్‌లిఫ్ట్ మీదికి దూకాడు. ప్యాలెట్ వెనక్కి వచ్చింది. దాని వెనకే సుగానుమా వచ్చింది. కళ్లజోడు ఒక పక్కకు ఒరిగింది. వెండి జుట్టులో అట్టముక్క ఉంది. భుజం మీద 'జాగ్రత్త, పగిలే వస్తువు' అని రాసిన స్టిక్కరు అంటుకుని ఉంది. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పెద్దిరాజు తన పిక్కల వైపు శ్రద్ధగా చూసుకున్నాడు.

ఆమె స్టిక్కరు పీకి, చదివి, ఇనాగాకి అరచేతికి అంటించింది.

"పక్క షెడ్డు తీసుకోండి" అంది. "నేను మళ్లీ వచ్చేలోపు." గంగాప్రసాద్ ముందు ఒక్క క్షణం ఆగింది. "బండి ముందు నిలబడ్డది మీరే కదా. ఇంకోసారి బండి పక్కన నిలబడి చెయ్యి ఊపండి. మనిషి మిగలాలి." కారెక్కి వెళ్లిపోయింది.

ఆమె కారు గేటు దాటాక ఇనాగాకి ఒక ప్యాలెట్ మీద కూలబడ్డాడు. నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేకపోయాడు. అయూబ్ టీ తెచ్చాడు. టీ తాగుతూ ఆయన కిచికిచి, గొచగొచ, గ్యూగ్యూ, గరగర ఒక్కొక్కటీ చేతులతో చూపించి చెప్పాడు. గంగాప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి కానీ ఊరుకోలేదు. తన భాషలో కిటకిట ఉంది, చిందరవందర ఉంది, ఇరుకిరుకు ఉంది అని చెప్పాడు. గరగర అంటే ఇస్త్రీ చొక్కా అని తెలిసినప్పుడు ఇనాగాకి తన కాలరు పట్టుకుని చూసుకున్నాడు.

"అయితే మధ్యాహ్నం మీకు గోదాం నా చొక్కాలా కనిపించిందా?"

"మీకు ఏం కనిపించింది సార్?"

"నా ఉద్యోగం. పోతూ కనిపించింది."

సాయంత్రం అనుకున్న వేళ దాటాకే అయినా భార్యాభర్తలు సముద్రం ఒడ్డుకు వెళ్లారు. సుభాషిణి చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్లలో నిలబడి అంతా విన్నది. పాదం మీద డబ్బా పడిన చోట ఉప్పునీళ్లు తగిలి గంగాప్రసాద్ కుంటుతున్నాడు.

"పొద్దుగాలనే అడగమన్న కదా" అంది.

"అడిగితే పక్క షెడ్డు వచ్చేదా?"

సుభాషిణి అతని చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్లింది. సజ్జా మాట ఇద్దరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు పక్క షెడ్డు తాళాలు వచ్చాయి. మొదటి సరుకు దిగే రోజున ఇనాగాకి గుమ్మంలో నిలబడి, కింద దింపిన ప్యాలెట్లను వేలితో చూపుతూ, "బారా... బారా..." అన్నాడు. పెద్దిరాజు, అయూబ్ పని ఆపి గంగాప్రసాద్ వైపు చూశారు. గంగాప్రసాద్ ఈసారి చెవిని నమ్మదలుచుకోలేదు. ప్యాలెట్లు చెల్లాచెదురుగా ఉన్నాయని తిడుతున్నాడేమో, చోటు దండిగా ఉందని మెచ్చుకుంటున్నాడేమో, ఎవరికి తెలుసు? దగ్గరకు వెళ్లి, చేతులు కట్టుకుని, వినయంగా అడిగాడు.

"సార్, బారాబారా అంటే జపాన్‌ల ఏమిటి సార్?"

ఇనాగాకి ఆశ్చర్యంగా చూశాడు. "జపానీ కాదు. హిందీ. ఈ పక్క పన్నెండు, ఆ పక్క పన్నెండు. అయూబ్-సాన్ నేర్పించాడు. తప్పుగా అన్నానా?"

ఆ రోజు నుంచి గంగాప్రసాద్ తనకు వచ్చిన భాషలు కూడా అడిగే తెలుసుకుంటున్నాడు.